హాలోవీన్ విందులో దయ్యపు గ్రుడ్లు

అక్టోబరు నెల 31వ తేదీ సాయంకాలమున అమెరికా దేశములో ఏ వీధిని నడచినను వింతలు కనబడును. గుమ్మముల ముందు కన్నులును పండ్లును చెక్కిన గుమ్మడికాయలు, వాని లోపల మినుకుమినుకుమను దీపములు. ముంగిటి చెట్ల కొమ్మలకు దూదిపోగులతో సాగదీసిన సాలెగూళ్ళు. దయ్యముల వలెను, మంత్రగత్తెల వలెను, అస్థిపంజరముల వలెను వేషములు వేసికొని, చేత సంచులు పట్టుకొని ఇల్లిల్లు తిరుగు పిల్లలు. ఆ రాత్రికి హాలోవీన్ అని పేరు. భయమును ఆటవస్తువుగా చేసికొని పిల్లలును పెద్దలును కలిసి ఆడుకొను రాత్రి అది.

ఆ ఆట వీధిలోనే ఆగదు. వంటయింటిలోనికి కూడ వచ్చును. ఆ రాత్రి విందులలో భోజనపు బల్లమీది పదార్థములకును వేషములు వేయుదురు. అట్లు వేషము వేయించుకొను వంటకములలో తరచుగా కనబడునది 'డెవిల్డ్ ఎగ్స్' అను కోడిగ్రుడ్ల వంటకము. ఉడికిన గ్రుడ్డును రెండు చెక్కలుగా కోసి, పచ్చసొనను తీసి, కారపు దినుసులతో మెదిపి, తిరిగి ఆ గుంటలోనే నింపుట దీని సామాన్య రూపము. హాలోవీన్ నాడు ఆ తెల్లని చెక్కపై నల్లని సాలెగూడు అల్లుకొని యుండును. నడుమ ఎనిమిది కాళ్ళ సాలెపురుగు కూర్చుండును. లేదా ఎఱ్ఱజీరలతో ఒక కన్ను మనలను తేరిపార చూచుచుండును.

మన తెలుగు కుటుంబములు పెక్కు నేడు అమెరికాలో స్థిరపడి యున్నవి. అచటి బడులలో చదువుకొను మనుమలు, మనుమరాండ్రు ఈ విందులకు పోవుదురు. తమ యింటను చేయుమని తల్లులను అడుగుదురు. కావున ఈ వంటకమును గూర్చి తెలిసికొనుట మన శ్రోతల కుటుంబములకు నిరుపయోగము కాదు. దీనిలో మంత్రమేమియు లేదు. కోడిగ్రుడ్డు స్వభావము నెరిగిన వారికి ఇది సులభమైన పని. ఐతే ఒక్క మాట ముందుగనే చెప్పవలెను. ఈ గ్రుడ్డు చూచువారిని మాత్రమే భయపెట్టవలెను; తిన్నవారిని బాధింపరాదు. మొదటి భయము వేడుక. రెండవ భయము నిజము. మొదటిదానిని కల్పించుట ఎట్లో, రెండవదానిని దరిజేరనీయకుండుట ఎట్లో వివరించుటయే మా ఉద్దేశము.

పండుగ పేరు, వంటకము పేరు

ఐర్లండు, స్కాట్లండు సీమలలో పూర్వకాలపు కెల్టిక్ జనులు నవంబరు మాసారంభమును చలికాలమునకు తొలిదినముగా ఎంచుచుండిరి. పంటలు ఇల్లు చేరి, పశువులు మేతబీళ్ళ నుండి మరలివచ్చి, పగళ్ళు కురుచయై చీకట్లు పెరుగు కాలమది. ఆ సంధిరాత్రి ఈ లోకమునకును పరలోకమునకును నడుమనున్న తెర పలుచబడునని జనులు నమ్ముచుండిరి. తరువాతి కాలమున క్రైస్తవ సంఘము నవంబరు 1వ తేదీని సకల పునీతుల పండుగ దినముగా పాటించెను. ఆంగ్లమున పునీతునకు 'హాలో' అనునది పాతకాలపు మాట. ఆ పండుగకు ముందటి సాయంకాలము గనుక 'హాలోస్ ఈవెన్' అనిరి. అదియే నోటివాడుకలో అరిగి హాలోవీన్ అయ్యెను.

1845వ సంవత్సరము మొదలుకొని కొన్నియేండ్లు ఐర్లండులో బంగాళాదుంప పంట తెగులుపాలై ఘోరమైన కరవు సంభవించెను. లక్షలకొలది జనులు ఓడలెక్కి అమెరికా చేరిరి. వారితో పాటు ఈ పండుగయు సముద్రము దాటెను. స్వదేశమున టర్నిప్ దుంపను తొలిచి దీపము పెట్టుట వారి ఆచారము. అమెరికాలో అంతకంటె పెద్దదియు, తొలుచుటకు సులువైనదియు నగు గుమ్మడికాయ దొరకినది. నాటినుండి ఆ పండుగకు గుమ్మడికాయయే గుర్తయినది.

ఇక వంటకము మాట. 'డెవిల్' అనగా సైతాను, దయ్యము. ఐనను ఈ పేరునకు హాలోవీనుతో పుట్టుకలో సంబంధము లేదు. 18వ శతాబ్ది చివరిభాగమున ఇంగ్లండులో మిరియము, ఆవ, మిరపకాయ మున్నగు ఘాటైన వస్తువులు దట్టించి చేసిన పదార్థములను 'డెవిల్డ్' అనుట మొదలయ్యెను. నోటిలో నరకాగ్ని రగుల్చునని హాస్యము కాబోలు. అమెరికాలో కొన్నిచోట్ల చర్చి విందులలో సైతాను పేరెత్తుట ఇష్టము లేక, వీనినే 'స్టఫ్డ్ ఎగ్స్' అనియు, 'డ్రెస్డ్ ఎగ్స్' అనియు పిలుతురు. మిరపకాయకు అలవాటుపడిన మన నాలుకకు ఆ దయ్యము మిక్కిలి సాధుజంతువే యనవచ్చును.

పేరు క్రొత్తదైనను వంటకము పాతది. ఉడికించిన గ్రుడ్లపై మిరియము, తేనె, పుల్లని ద్రావకము కలిపిన రసమును పోసి తినుట ప్రాచీన రోమకులకు తెలియును. అపిసియస్ పేరుతో నిలిచియున్న పాకశాస్త్ర గ్రంథములో అది కలదు. 13వ శతాబ్దిలో స్పెయిన్ దక్షిణ భాగమగు అందలూసియాలో, పచ్చసొనను కొత్తిమీర, ఉల్లిరసము, మిరియముతో నూరి, తిరిగి తెల్లసొన చెక్కలలో నింపి, రెండు చెక్కలను పుల్లతో గుచ్చి కలుపుచుండిరి. పచ్చసొనను మయొనేజుతో కలుపుట తరువాత వచ్చినది. ఫానీ ఫార్మర్ అను వంటల ఉపాధ్యాయిని 1896లో ప్రకటించిన బోస్టన్ పాకశాస్త్ర గ్రంథమువంటి పుస్తకముల మూలమున ఆ పద్ధతి అమెరికా గృహములలో వ్యాపించెను.

గ్రుడ్లను ఉడికించు విధము

పండ్రెండు గ్రుడ్లు తీసికొన్నచో ఇరువదినాలుగు చెక్కలగును. ఎనిమిది, పదిమంది పిల్లలకు చాలును. మొదటి నియమము: నేడు పెట్టిన గ్రుడ్డు ఈ పనికి పనికిరాదు. వారము, పదిదినములు నిలువయున్నదే మేలు. ఇది విన్నవారికి విపరీతముగా తోచవచ్చును గాని, దానికి కారణము కలదు. క్రొత్త గ్రుడ్డు తెల్లసొనలో బొగ్గుపులుసు వాయువు కరగి యుండును. దినములు గడచినకొలది ఆ వాయువు పెంకునందలి సూక్ష్మరంధ్రముల గుండ వెలికి పోవును. అందుచే తెల్లసొనలో క్షారగుణము హెచ్చును. పి. హెచ్. అను కొలమానముతో చెప్పినచో, మొదట 7.6 ప్రాంతమున నున్నది క్రమముగా 9 దాటును. క్షారగుణము తక్కువగా నున్నపుడు ఉడికిన తెల్లసొన పెంకులోపలి పొరను గట్టిగా పట్టుకొని యుండును. వలిచినపుడు పెచ్చులతో పాటు ఊడివచ్చి గ్రుడ్డు గుంటలు పడును. హెచ్చినపుడు పట్టు సడలి పెంకు చక్కగా వచ్చును.

నిలువయున్న గ్రుడ్డులో చిక్కని తెల్లసొన పలుచబడును గనుక పచ్చసొన ఒకప్రక్కకు ఒరిగిపోవు ప్రమాదము కలదు. ఒరిగినచో చెక్కయొక్క గోడ ఒకవైపు పలుచనై చినుగును. దీనికి ఉపాయముగా, ముందటి రాత్రి గ్రుడ్ల పెట్టెను ప్రక్కకు పడుకోబెట్టి యుంచుదురు. ఉడుకు మొదటి రెండు మూడు నిమిషములు గరిటెతో నీటిని మెల్లగా త్రిప్పినను మేలే.

నీరు తెర్లుచుండగా గ్రుడ్లను గరిటెతో ఒక్కొక్కటిగా దింపి, మంట తగ్గించి, పండ్రెండు నిమిషములు సన్నని సెగపై నుంచవలెను. చన్నీళ్ళలో వేసి మెల్లగా కాచుటకంటె ఇట్లు వేడినీటిలో దింపినచో పెంకు తేలికగా ఊడును. తెల్లసొన 62 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున గడ్డకట్ట నారంభించి, 80 డిగ్రీలు దాటిన పిదప పూర్తిగా బిగియును. పచ్చసొన 65 మొదలు 70 డిగ్రీల లోపల గట్టిపడును. ఎత్తైన ప్రదేశములలో నీరు తక్కువ వేడికే తెర్లును. సముద్రమట్టమునకు సుమారు 1600 మీటర్ల ఎత్తున నున్న డెన్వర్ నగరమున నీరు 95 డిగ్రీలకే తెర్లును గనుక, అచటివారు మరి రెండు నిమిషములు ఎక్కువగా ఉడికించుట మంచిది.

సమయము మించినచో పచ్చసొన చుట్టును బూడిదరంగుతో కూడిన ఆకుపచ్చని వలయము ఏర్పడును. తెల్లసొనలోని గంధకము వేడికి వాయురూపమున విడివడి, పచ్చసొనలోని ఇనుముతో కలియుటచే ఆ రంగు పుట్టును. అది హానికరము కాదు. దయ్యముల విందునకు అదియే శోభ యని కొందరు నవ్వుదురు గాని, రంగుతో పాటు గంధకపు వాసనయు పుట్టును; రుచి చెడును. కావున పండ్రెండు నిమిషములు కాగానే గ్రుడ్లను మంచుగడ్డలు వేసిన నీటిలో పదిహేను నిమిషము లుంచవలెను. అపుడు లోపలి వేడి త్వరగా తగ్గును; తెల్లసొన కొంచెము ముడుచుకొని పెంకునుండి విడివడును.

సాలెగూడు అల్లుట

సాలెగూడు చూచుటకు చిత్రకారుని పనివలె నుండును గాని, దానిని గీయువారెవరును లేరు, పగుళ్ళే గీయును. చల్లారిన గ్రుడ్డును వలువక, చెంచా వెనుకభాగముతో అన్నివైపుల మెల్లగా తట్టవలెను. పెంకు ముక్కలై పగులవలెను గాని ఊడరాదు. అరలీటరు నీటిలో ఒక టీచెంచా నల్లని లేదా నీలిరంగు తినుపదార్థపు రంగు కలిపి, ఆ నీటిలో గ్రుడ్లు మునుగునట్లుంచి, పాత్రను మూతపెట్టి రిఫ్రిజిరేటరులో రాత్రియంతయు ఉంచవలెను. రంగునీరు పగుళ్ళగుండ మాత్రమే లోపలికి దిగును. మరునాడు వలిచినపుడు తెల్లని గ్రుడ్డుపై నల్లని నరములు, సాలెపోగుల వలె అల్లుకొని కనబడును. ఏ రెండు గ్రుడ్లును ఒకేరీతిగా నుండవు. చీనా దేశమున తేయాకు డికాక్షనులో గ్రుడ్లను ఇట్లే పగులగొట్టి ఊరబెట్టుట చిరకాలముగా నున్నది.

కొనితెచ్చిన రంగు వలదనువారు ఊదారంగు క్యాబేజీని తరిగి నీటిలో ఉడికించి, ఆ రసమును చల్లార్చి వాడవచ్చును. ఇందులో పిల్లలకు చూపదగిన చిన్న శాస్త్రప్రయోగము కూడ కలదు. ఆ క్యాబేజీ రంగు పులుపు తగిలినచో ఎఱ్ఱబారును. క్షారము తగిలినచో నీలమై, ఇంకను హెచ్చినచో ఆకుపచ్చబారును. ఇదివరకు చెప్పినట్లు తెల్లసొన క్షారగుణము కలది. కావున ఊదారంగు నీటినుండి తీసిన గ్రుడ్డుపై నీలిగీతలు తేలును. బడిలో లిట్మస్ కాగితము చేయు పనినే ఇచట గ్రుడ్డు చేయును.

ఇట్లు రంగు వేసిన గ్రుడ్లను కోయుటలో ఒక మెలకువ కలదు. నిలువుగా కోసి వెల్లకిల పెట్టినచో సాలెగూడు క్రిందికి పోయి మరుగుపడును. కావున నడుమకు అడ్డముగా కోసి, రెండు కొనలను కొంచెముగా చెక్కి, చిన్న గిన్నెలవలె నిలబెట్టవలెను. అపుడు గూడు చుట్టును కనబడును. రంగు వేయని గ్రుడ్లను నిలువుగానే కోయవచ్చును. అవి సాలెపురుగులకును కన్నులకును పనికివచ్చును.

లోపలి ముద్ద

పండ్రెండు పచ్చసొనలను జల్లెడమీద చేతిచెంచాతో అదిమి రుద్దినచో ఉండలు లేని మెత్తని పొడియగును. దానిలో అరకప్పు మయొనేజు, రెండు టీచెంచాల ఆవముద్ద, ఒక టీచెంచా వెనిగరు, పావు టీచెంచా ఉప్పు, చిటికెడు మిరియపు పొడి, చిటికెడు మిరపపొడి వేసి కలుపవలెను. మయొనేజును ఒక్కసారిగా గాక కొంచెము కొంచెముగా కలుపుట మేలు. ముద్ద చెంచానుండి జారక నిలువవలెను.

మయొనేజు అనునది నూనె, వెనిగరు, పచ్చసొన కలిపి చిలికిన చిక్కని ముద్ద. నూనెయు నీరును సహజముగా కలియవు. పచ్చసొనలోని లెసిథిన్ అను పదార్థము నూనెబిందువుల చుట్టును చేరి, అవి మరల ఒకటి కాకుండ అడ్డుపడును. అంగడిలో దొరకు మయొనేజును వేడిచే క్రిములను నశింపజేసిన గ్రుడ్లతో చేయుదురు; పులుపును హెచ్చుగా నుంచుదురు. ఇంటిలో పచ్చిగ్రుడ్డుతో చిలికిన మయొనేజును పిల్లల విందునకు వాడకుండుట మంచిది.

ముద్దకు రంగులు మార్చవచ్చును. సగము మయొనేజునకు బదులుగా పండిన అవకాడో గుజ్జును నిమ్మరసముతో మెదిపి కలిపినచో బురదకుంటవంటి ఆకుపచ్చ వచ్చును. నిమ్మరసము లేనిచో గాలి సోకి ఆ గుజ్జు నల్లబారును. పప్రికా అను కారము తక్కువగల ఎఱ్ఱమిరప పొడిని కలిపినచో నారింజరంగు వచ్చును. దానిని గుండ్రముగా పెట్టి, పుల్లతో నిలువుగీతలు నొక్కి, పైన చిన్న ఉల్లికాడ ముక్కను గుచ్చినచో బుజ్జి గుమ్మడికాయ సిద్ధమగును. ముద్దను శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో నింపి, ఒక మూలను కత్తిరించి పిండినచో గుంటలలో అందముగా పడును.

సాలెపురుగు, కన్ను

సాలెపురుగునకు గింజ తీసిన నల్లని ఆలివ్ కాయలు కావలెను. ఒక కాయను నిలువుగా రెండుగా చీల్చి, ఒక బద్దను ముద్దపై బోర్లించినచో అది పురుగు శరీరము. మరియొక కాయను సన్నని చీలికలుగా తరిగి, ప్రక్కకు నాలుగు వంతున ఎనిమిది కాళ్ళు అమర్చవలెను. ఆరు కాళ్ళు పెట్టినచో అది సాలెపురుగు కాదు. పిల్లలు వెంటనే కనిపెట్టుదురు.

కన్నునకు ఎఱ్ఱని మిరప బద్ద కూర్చిన ఆకుపచ్చని ఆలివ్ కాయను అడ్డముగా కోసిన బిళ్ళ చాలును. ఆకుపచ్చ నల్లగ్రుడ్డు స్థానమునను, ఎఱుపు కంటిపాప స్థానమునను నిలుచును. పుల్లకొనను టమాటో సాసులో ముంచి, ఆ బిళ్ళ చుట్టును తెల్లసొనపై వంకరటింకర గీతలు గీచినచో నిద్రలేని కన్నువలె ఎఱ్ఱజీరలు తేలును. దీపములు తగ్గించిన గదిలో ఇరువదినాలుగు కన్నులు ఒక్కసారిగా చూచినపుడు పెద్దలు కూడ ఒక్క క్షణము తడబడుదురు.

నిజమైన భయము

ఇంతవరకు చెప్పినది వేషము. ఇక వేషము లేని శత్రువు మాట చెప్పవలెను. కోడిగ్రుడ్లకు సంబంధించిన రోగములలో ముఖ్యమైనది సాల్మొనెల్లా అను సూక్ష్మక్రిమివలన కలుగును. జ్వరము, కడుపునొప్పి, విరేచనములు దాని లక్షణములు. పసిపిల్లలకును, వృద్ధులకును, గర్భిణులకును అది ప్రమాదకరము కావచ్చును. చక్కగా ఉడికిన గ్రుడ్డులో ఆ క్రిమి బ్రతుకదు. మరి భయమెందుకని అడుగవచ్చును.

భయము ఉడికిన తరువాత మొదలగును. గ్రుడ్డుపెంకుపై సహజముగా ఒక సన్ననిపూత యుండి సూక్ష్మరంధ్రములను కప్పియుంచును. అమెరికాలో గ్రుడ్లను కడిగి అంగళ్ళకు పంపుదురు గనుక ఆ పూత ముందే పోవును. అందుచేతనే అచట వానిని రిఫ్రిజిరేటరులో ఉంచుట తప్పనిసరి. మన దేశమున సామాన్యముగా కడుగని గ్రుడ్లనే బయటనుంచి అమ్ముదురు. ఏ గ్రుడ్డునైనను ఉడికించినపుడు ఆ పూత పోవును. ఇక మన వంటకములో పెంకును పగులగొట్టి, వలిచి, కోసి, మెదిపి, చేతితో అలంకరింతుము. చేతినుండి, కత్తినుండి, పీటనుండి క్రొత్త క్రిములు చేరుటకు ఇన్ని ద్వారములు తెరువబడుచున్నవి. దయ్యపు గ్రుడ్డు మామూలు ఉడికిన గ్రుడ్డుకంటె సుకుమారమైనదను మాట ఇందుచేతనే చెప్పుచున్నాము.

4 డిగ్రీలు మొదలు 60 డిగ్రీల సెంటిగ్రేడు వరకు గల వెచ్చదనము క్రిములకు అనుకూలమైనది. మిక్కిలి అనుకూలమైన స్థితిలో అవి ఇరువది నిమిషముల కొకసారి రెట్టింపగును. లెక్కవేసి చూడుడు. ఒక్క క్రిమి రెండు గంటలలో 64 అగును. నాలుగు గంటలలో 4,096. ఆరు గంటలలో రెండు లక్షల అరువదివేలు దాటును. అన్ని క్రిములును అంత వేగముగా పెరుగకపోవచ్చును గాని, విందు సాగిన కొలది ప్రమాదము ఏ రీతిగా పెరుగునో ఈ లెక్క తెలుపును. దీని నాధారముగా చేసికొనియే అమెరికా ఆహారశాఖ వారు ఒక నియమము చెప్పిరి: ఇట్టి పదార్థము గది వెచ్చదనమున రెండుగంటలకు మించి ఉండరాదు; వెచ్చదనము 32 డిగ్రీలు దాటినచో ఒక గంటకు మించరాదు.

హాలోవీన్ విందులలో ఈ నియమము తరచుగా మరుగుపడును. పిల్లలు వీధులు తిరిగివచ్చుటకు ఆలస్యమగును. బల్లపై పళ్ళెము అలంకారముగా నిలిచియుండును. ఎప్పుడు పెట్టితిమో ఎవరికిని జ్ఞాపక ముండదు. చెడిన గ్రుడ్డు చూపునకును వాసనకును మంచిదానివలెనే యుండవచ్చును గనుక, కన్నును ముక్కును నమ్ముటకు వీలులేదు, గడియారమునే నమ్మవలెను. ఇరువదినాలుగు చెక్కలను ఒక్కసారిగా బల్లపై పెట్టక, ఎనిమిదింటిని పెట్టి తక్కినవానిని రిఫ్రిజిరేటరులో నుంచవలెను. పళ్ళెము క్రింద మంచుగడ్డలు నింపిన మరియొక పళ్ళెము నుంచవచ్చును. పెట్టిన వేళను చీటిపై వ్రాసి పళ్ళెము ప్రక్కన అతికించుట అన్నిటికంటె సులువు. రెండుగంటలు దాటిన చెక్కలను తిరిగి లోపల పెట్టక పారవేయవలెను. పగిలిన పెంకుతో రంగునీటిలో నున్న గ్రుడ్లను బయట వదలరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

మరికొన్ని జాగ్రత్తలు కలవు. అలంకారము నిలుచుటకై కొందరు సూదిపుల్లలు గుచ్చుదురు. చీకటి గదిలో పిల్లలు వానిని చూడరు. ఈ వంటకమునకు పుల్లలే అక్కరలేదు. మూడు నాలుగేండ్ల లోపు పిల్లలకు ఆలివ్ బద్దలను తీసివేసి పెట్టవలెను, గొంతునకు అడ్డుపడవచ్చును. బల్లపై పొగలు క్రమ్ముటకు గట్టి బొగ్గుపులుసు వాయువును, అనగా 'డ్రై ఐస్' ను వాడుటయు కలదు. దాని చల్లదనము సున్నకు క్రింద 78 డిగ్రీలు. తాకినచో చర్మము కాలినట్లగును. తలుపులు మూసిన గదిలో దాని వాయువు నిండి ఊపిరికి చేటు చేయును. దానిని ఆహారమునకు తగులనీయరాదు, పిల్లల చేతికి అందనీయరాదు.

గ్రుడ్డు కొందరు పిల్లలకు సరిపడదు. తిన్న వెంటనే దద్దురులు, వాంతి, ఊపిరాడకపోవుట కలుగవచ్చును. పసివారిలో సాధారణముగా కనబడు ఆహారపు అలర్జీలలో ఇది యొకటి. మయొనేజులోను గ్రుడ్డే కలదని మరువరాదు. ఆవయు కొందరికి పడదు. కావున విందునకు పిలుచునపుడే తల్లిదండ్రులను అడిగి తెలిసికొనవలెను. అమెరికాలో 2014వ సంవత్సరమునుండి కొందరు గృహస్థులు నెమలికంఠపు రంగు వేసిన గుమ్మడికాయను గుమ్మమున పెట్టుచున్నారు. మా యింట తినుపదార్థములకు బదులు చిన్న బొమ్మలు, పెన్సిళ్ళు కూడ ఇత్తుము, అలర్జీ గల పిల్లలును రావచ్చునని దాని అర్థము. భయము పేరిట జరుగు పండుగలో ఇంతటి దయ కలుగుట సంతోషింపదగిన విషయము.

గ్రుడ్డు తినని యిండ్లవారు

మన తెలుగు కుటుంబములలో గ్రుడ్డు ముట్టనివారు పెక్కుమంది కలరు. వారి పిల్లలు విందులో వెలియైనట్లు చిన్నబుచ్చుకొననక్కరలేదు. గ్రుడ్డంత బంగాళాదుంపలను తోలుతో ఉడికించి, రెండుగా కోసి, నడుమ గుంటచేసి, తీసిన గుజ్జును ఆవముద్ద, నిమ్మరసము, మిరియపు పొడి, చిలికిన గట్టి పెరుగుతో మెదిపి నింపవచ్చును. గ్రుడ్డులేని మయొనేజును అంగళ్ళలో దొరకును. ఆలివ్ సాలెపురుగు దుంపపై కూడ అంతే ఠీవితో కూర్చుండును. ఐతే వీనికి వేరు పళ్ళెము, వేరు కత్తి, వేరు చెంచా ఉంచవలెను. పేరు వ్రాసిన చీటిని ముందు పెట్టవలెను. వేషము వేసిన తరువాత దుంపయేదో గ్రుడ్డేదో దీపపు వెలుగులో గుర్తించుట కష్టము. అతిథి నియమమును కాపాడుట గృహస్థు ధర్మము.

దుంపలకును కాలనియమము వర్తించును. ఉడికిన దుంప, పెరుగు కలిసిన ముద్ద కూడ బయట చిరకాలము నిలువదు.

పనుల క్రమమును ఒక్కమారు చెప్పి ముగింతుము. 29వ తేదీ రాత్రి గ్రుడ్ల పెట్టెను ప్రక్కకు త్రిప్పుట. 30వ తేదీ సాయంకాలము ఉడికించి, చల్లార్చి, పగులగొట్టి, రంగునీటిలో నుంచి రిఫ్రిజిరేటరులో పెట్టుట. 31వ తేదీ మధ్యాహ్నము చేతులు సబ్బుతో కడిగికొని, వలిచి, కోసి, నింపి, మూతపెట్టి తిరిగి చల్లగా నుంచుట. అతిథులు వచ్చిన పిదప సాలెపురుగులను, కన్నులను అమర్చి బల్లపై పెట్టి, వేళను వ్రాసికొనుట. ఇంతియే పని.

పిల్లలు చీకటిని చూచి భయపడుట సహజము. ఆ భయమునే బొమ్మగా చేసి, వారిచేతనే కాళ్ళు అతికింపజేసి, చివరకు కొరికి నమలి మ్రింగునట్లు చేయుట ఈ పండుగలోని చమత్కారము. సాలెపురుగునకు కాళ్ళు పెట్టు పనిని పిల్లలకే ఒప్పగింపుడు. గడియారమును చూచు పనిని మాత్రము పెద్దలు తమవద్దనే ఉంచుకొనవలెను.